ఫ్రోబెల్ పండితుని చరిత్రము – సూదియు, దారమును, కాగితమును

మా పాఠశాలలో చిన్న తరగతుల పిల్లలు రంగుకాగితములు మడచి పడవలు చేయుటయు, అట్టముక్కలపై రంధ్రములు పొడిచి రంగుదారములతో ఆకులను, పక్షులను కుట్టుటయు, కాగితపు పట్టీలతో చిన్నచాపలు అల్లుటయు ఎల్లరును ఎఱిగినదే. వార్షికోత్సవమునాడు వానిని బల్లలపై పఱచి యుంచగా తల్లిదండ్రులు చూచి సంతసింతురు. పిమ్మట, ఈ యాటలవలన చదువునకు భంగము రాదా యని మమ్ము మెల్లగా అడుగుదురు. ఈ ప్రశ్నకు ఉపన్యాసము చేయుటకంటె ఒక మనుష్యుని జీవితమును చెప్పుట మేలని మాకు తోచినది. ఈ పనులను మొదట పాఠముగా అమర్చినవాడు ఆతడే. వానిని ఇంట ఎట్లు చేయవలెనో కూడ ఆతని చరిత్రము నడుమ నడుమ చెప్పెదము.

ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీని జర్మనీ దేశమునందలి తురింగియా యను అడవిసీమలో, ఓబర్‌వైస్‌బాఖ్ అను కొండపల్లెలో జన్మించెను. తండ్రి ఆ పల్లెలోని లూథరన్ సంఘమునకు కాపరి. తొమ్మిది నెలలు నిండునంతలో తల్లి మరణించెను. తండ్రికి సంఘకార్యములు మెండు. పొరుగు గ్రామములు కూడ ఆయన పోషణలోనివే. కాబట్టి బిడ్డ పనివారి చేతులలోను, అన్నల చేతులలోను పెరిగెను. 1785లో తండ్రి మరల వివాహము చేసికొనెను. సవతితల్లి మొదట ఈ బాలుని ఆదరించినదట. తనకొక కుమారుడు పుట్టినపిమ్మట ఆ యాదరము చల్లారిపోయెను. జర్మను భాషలో తల్లి బిడ్డను చనవుతో నీవని పిలుచును. ఆమె ఆ పిలుపును మానివేసి, ఎదుట నిలిచియున్న పసివానితోనే పరాయివానిగూర్చి మాటలాడినట్లు ‘అతడు’ అని మాటలాడసాగెను. మన యిండ్లలో తల్లి అలిగి మొగము త్రిప్పుకొని, వానినే ఎదుట నుంచుకొని ‘వాడు’ అని పలికినచో బిడ్డకు ఎట్లుండునో చదువరులే ఊహింపగలరు. నలువది యేండ్లు దాటిన తరువాత తన జీవితమును ఒక ప్రభువునకు వ్రాసి పంపినప్పుడు కూడ ఫ్రోబెల్ ఈ చిన్నమాటను మరువలేదు. తల్లి యొడియే మొదటి బడి యని ఆయన జీవితాంతము బోధించుటకు కారణము ఇదియే యని మా యూహ. ఆకలిగొన్నవానికే అన్నము విలువ తెలియును గదా.

ఇంటిలో ఆటలాడుటకు తోడు లేనందున ఆ బాలుడు తండ్రి తోటలో తిరుగుచు, పూలను, ఆకులను, పురుగులను చూచుచు కాలము గడపెను. పదియేండ్ల వయస్సున, అనగా 1792లో, మేనమామ హోఫ్‌మన్ అను గురువు ఆతనిని తన యూరగు ష్టాట్‌ఇల్మునకు తీసికొనిపోయెను. అక్కడ నాలుగైదేండ్లు సుఖముగా నుండెను. తోడి పిల్లలతో ఆడుట ఆతనికి అప్పుడే అలవడినది. పిమ్మట అడవి యధికారి యొకనియొద్ద రెండేండ్లు పని నేర్చుకొనుటకు చేరెను. ఆ యధికారికి నేర్పుటకు తీరిక లేదు. కుఱ్ఱవాడు తానే గ్రంథములు చదివి, చెట్లను కొలిచి, ఆకులను ఎండబెట్టి దాచుకొనెను.

1799లో జేనా విశ్వవిద్యాలయమునకు పోయెను. తన చేతనున్న కొద్ది ధనమును అన్నకు అప్పిచ్చి, అది తిరిగి రానందున తానే అప్పులవాడై, విద్యార్థుల కొఱకు అక్కడ నుండు చెఱసాలలో తొమ్మిది వారములు ఉండవలసి వచ్చెను. ఆ మీదట కొన్నియేండ్లు పొలము లెక్కలు వ్రాయుట, భూమి కొలుచుట మొదలగు పనులు చేసి, ఇండ్లు కట్టు విద్య నేర్వవలెనని 1805లో ఫ్రాంకుఫర్టు నగరమునకు పోయెను. అక్కడ గ్రూనర్ అను పండితుడు ఒక మాదిరి పాఠశాలను నడపుచుండెను. ఆయన ఈ యువకుని చూచి, గృహనిర్మాణము మాని ఉపాధ్యాయుడవు కమ్మని సలహా యిచ్చెను. ముప్పది నలువది మంది పిల్లల యెదుట మొదటిసారి నిలిచిననాడే, తాను వెదకుచున్నదేదో దొరికినట్లు ఫ్రోబెల్‌కు తోచినది. అప్పటి కాతనికి ఇరువదిమూడేండ్లు. మనలో కొందఱు శిక్షణపాఠశాలకు వేఱే యుద్యోగము దొరకకపోవుటచే వచ్చుదురు. ఆతడును ఒకవిధముగా అట్లే వచ్చినవాడని చెప్పవచ్చును.

ఆ కాలమున స్విట్జర్లాండులో ఇవెర్డన్ అను చోట పెస్టలాట్జి మహాశయుని పాఠశాల యూరపుఖండమంతట ప్రసిద్ధి చెందియుండెను. ఫ్రోబెల్ 1805లో పక్షము దినములు అక్కడికి పోయి చూచెను. మరల 1808 మొదలు 1810 వరకు, తాను చదువు చెప్పుచున్న హోల్ట్‌జ్‌హౌజన్ కుటుంబపు ముగ్గురు బాలురను వెంట బెట్టుకొని అక్కడనే యుండెను. ఆ మువ్వురితో గడపిన దినములే మన విషయమునకు ముఖ్యము. ఆ పిల్లలకు ఊరక పుస్తకము చెప్పిన మనస్సు నిలువలేదు. వారి తండ్రి కొంత నేల నిచ్చెను. పిల్లలే దానిని త్రవ్వి, విత్తి, పెంచి, పండినవానిని తల్లిదండ్రులకు కానుకగా నిచ్చిరి. చలికాలమున తోటపని సాగదు. అప్పుడు తన చిన్ననాట తనను ఏది సంతోషపెట్టినదని ఆలోచించి, కాగితము, అట్ట, కొయ్య పుచ్చుకొని వస్తువులు చేయుట ఆరంభించెను. పిల్లవాడు తన చేతితో చేసిన వస్తువును మఱియొకరి కిచ్చినప్పుడు వాని మొగమున గలుగు వెలుగును ఆయన అప్పుడు చూచెను.

1813లో నెపోలియనుపై యుద్ధము రాగా ఆయన స్వచ్ఛంద సైనికుడై పోయెను. గొప్ప యుద్ధము చేసినట్లు చెప్పలేము గాని, ఆ సేనలో మిడ్డెన్‌డార్ఫ్, లాంగెథాల్ అను ఇద్దఱు మిత్రులు దొరకిరి. వారు జీవితాంతము ఆయనను విడువలేదు. యుద్ధానంతరము బెర్లినులో ఖనిజముల ప్రదర్శనశాలలో సహాయోద్యోగి యయ్యెను. స్ఫటికముల యంచులను, ముఖములను, మూలలను దినమెల్ల చూచి చూచి, పెద్దరూపములన్నియు చిన్నరూపముల కూర్పేయని ఆయన మనస్సున నాటుకొనెను. పిల్లల కొఱకు తరువాత చేసిన కొయ్యదిమ్మెలు ఆ స్ఫటికముల నుండి పుట్టినవే.

ఇంతలో ఆయన యన్న క్రిస్టోఫ్ జ్వరపీడితులైన సైనికులకు సేవచేయుచు తానును ఆ జ్వరముననే మరణించెను. ముగ్గురు పిల్లలు తండ్రిలేనివారైరి. ఫ్రోబెల్ మంచి యుద్యోగమును వదలి, 1816లో ఆ ముగ్గురిని, మఱియొక అన్నకొడుకుల నిద్దఱిని చేర్చుకొని, అయిదుగురు పిల్లలతో గ్రీస్‌హైమ్ గ్రామమున బడి పెట్టెను. మఱుసటి యేడు అది కైల్‌హౌ అను కుగ్రామమునకు మారెను. 1818లో బెర్లినులో ధనవంతుల యింట పుట్టిపెరిగిన విల్హెల్మీనా హోఫ్‌మైస్టర్ అను విదుషీమణి ఆయనను వివాహమాడి, ఆ పల్లెలోని పేదకాపురమునకు ఇష్టపూర్వకముగా వచ్చెను. ఆ దంపతులకు సంతానము కలుగలేదు. బడిపిల్లలే వారి పిల్లలు.

కైల్‌హౌలో ఒకప్పుడు సుమారు అరువదిమంది విద్యార్థు లుండిరి. 1826లో ఆయన మానవవిద్య అను తన గొప్ప గ్రంథమును ప్రకటించెను. దానిని చదువుట కష్టము. వాక్యములు పొడుగు, భావములు మేఘములవంటివి. ఆ దినములలో రాజ్యాధికారులకు క్రొత్తబడులన్న అనుమానము. కైల్‌హౌలో తిరుగుబాటు నేర్పుచున్నారని వదంతి పుట్టెను. పరీక్షాధికారి వచ్చి చూచి మిక్కిలి మెచ్చుకొని వ్రాసినను, తల్లిదండ్రులు భయపడి పిల్లలను తీసికొనిపోయిరి. 1829 నాటికి విద్యార్థులను వ్రేళ్లమీద లెక్కింపవలసి వచ్చెను. అదే యేట మైనింగెన్ ప్రభువు కొఱకు హెల్బా యను చోట పెట్టదలచిన బడికి ఒక పథకము వ్రాసెను. ఉదయము పుస్తకపాఠములు, మధ్యాహ్నము కాగితము, అట్ట, కొయ్య, గడ్డి మొదలగువానితో చేతిపని యని అందలి యేర్పాటు. ఆ బడి పుట్టకయే పోయెను. పిమ్మట స్విట్జర్లాండునకు పోయి కొన్ని యేండ్లు పనిచేసి, 1835లో బుర్గ్‌డార్ఫ్ పట్టణపు అనాథశాలకు అధికారి యయ్యెను. బడికి వచ్చునప్పటికే పిల్లవాని బుద్ధి సగము తీర్చబడియుండును, దానికి పూర్వపు యేండ్లను ఎవరును పట్టించుకొనుట లేదు అను తలంపు అక్కడ ఆయనకు దృఢమయ్యెను.

1837లో, తన యేబదియయిదవ యేట, స్వదేశమునకు తిరిగివచ్చి బ్లాంకెన్‌బుర్గు పట్టణమున చిన్నపిల్లల కొఱకే ఆటవస్తువులు చేయింపసాగెను. వానికి ఆయన పెట్టిన పేరు కానుకలు. మొదటి కానుక ఆరు మెత్తని బంతులు: ఎఱుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలము, ఊదా. ప్రతి బంతికి ఒక త్రాడు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తంభము. మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు ఒక పెద్ద ఘనము. నాలుగవది ఎనిమిది యిటుకలు. అయిదు ఆరు కానుకలలో ముక్కలు ఇంకను హెచ్చు.

ఆ మొదటి కానుకను కొనుటకు రూపాయలు అక్కఱలేదు. ఇంటిలో మిగిలిన చింకిగుడ్డలను గట్టిగా ముద్దచేసి, పైన నూలు అన్ని వైపుల చుట్టి, గుండ్రముగా వచ్చినపిమ్మట రంగుదారముతో వలవలె అల్లికుట్టవలెను. త్రాడును బంతి నడుమనుండి దూర్చి ముడివేసినచో ఊడిరాదు. ఒడిలోని శిశువు ఎదుట దానిని ఊపుచు, ఇదిగో వచ్చినది, అదిగో పోయినది యని తల్లి పలుకుచుండగా, శిశువు కన్నును చెవియు నాలుకయు ఒక్కసారి పనిచేయును. మూడేండ్ల పిల్ల వచ్చి తానే నూలు చుట్టెదననిన చుట్టనిండు. బంతి వంకరగా రానీయుడు.

కానుకలను మార్పరాదు, ఆటయైన తరువాత మరల పెట్టెలో మునుపటివలెనే సర్దవలెను. పిల్లవాడు స్వయముగా మార్చి క్రొత్తరూపము చేయు పనులను ఆయన వృత్తులని వేఱుచేసెను. ఇందు ఆయనయు, ఆయన శిష్యులును పాటించిన క్రమము మిక్కిలి సొగసైనది. కానుకలు గట్టివస్తువునుండి పలక, గీత, చుక్కలవైపు దిగును. వృత్తులు చుక్కనుండి పైకి ఎక్కును. సూదితో పొడుచుట చుక్క. ఆ చుక్కలను దారముతో కలుపుట గీత. కాగితము మడచుట, చాప యల్లుట పలక. బంకమన్నుతో బొమ్మచేయుట గట్టివస్తువు. కుట్టుపని ఆడపిల్లల పెండ్లికి పనికివచ్చు విద్యయని కొందఱును, దర్జీ కులవృత్తియని కొందఱును తలంతురు. ఫ్రోబెల్ దృష్టిలో అది రెండు చుక్కలనడుమ గీత గీయుట; మగపిల్లవానికి గూడ అది క్షేత్రగణితమునకు మొదటి మెట్టు.

అట్టకుట్టును ఇంట ఇట్లు చేయవలెను. పాత శుభలేఖగాని, పోస్టుకార్డుగాని తీసికొని, దానిపై అర అంగుళము ఎడముగా నిలువుగీతలను అడ్డగీతలను పెన్సిలుతో గీయవలెను. మడతపెట్టిన దుప్పటిపై అట్టనుంచి, గీతలు కలియుచోట్ల లావుసూదితో రంధ్రములు పొడువవలెను. చిన్నపిల్లలకు పెద్దలే పొడిచి యిచ్చుట మంచిది. దారము పిల్లవాని మూరెడు పొడవుకంటె మించరాదు. మించిన చిక్కుపడి, ఏడ్పు పుట్టును. సూది మొన మొద్దుగా నుండవలెను. మొదట నిలువుగీతలు మాత్రము. ఒక రంధ్రమున పైకి, మఱియొక రంధ్రమున క్రిందికి పోగా, ఒకటి విడిచి ఒకటిగా కుట్టు పడును. చివరకు చేరి మరల వెనుకకు వచ్చినయెడల ఖాళీలన్నియు పూడి, అట్టకు రెండువైపులను ఒకే గీత కనబడును. పిల్లలకు ఇది ఇంద్రజాలమువలె తోచును. నిలువు వచ్చిన తరువాత అడ్డము, అడ్డము వచ్చిన తరువాత వాలు, ఆ మీదట చతురశ్రము, ఇల్లు, గాలిపటము, చేప.

ఇచ్చట తల్లులకు ఒక మనవి. పిల్ల కుట్టిన వంకరకుట్లను రాత్రి పిల్ల నిద్రించిన తరువాత విప్పి, చక్కగా కుట్టి, ఉదయము బడికి పంపువారు కొందఱున్నారు. ఆ యట్ట చక్కగా నుండును గాని, అది ఎవరి పనియో పిల్లకు తెలియును. మాకును తెలియును.

కాగితపు చాపకు జానెడు చతురశ్రపు కాగితము కావలెను. నాలుగువైపుల అర అంగుళము అంచు విడిచి, నడుమ సమానమగు ఎడముతో చీలికలు కోయవలెను. ఇది పడుగు. వేఱురంగు కాగితపు పట్టీలు పేక. మొదటి పట్టీ ఒకదానిపైన, ఒకదానిక్రింద. రెండవ పట్టీ దానికి మారు. మన నేతగాండ్ర యిండ్లలోని పిల్లలు దీనిని చూచినంతనే చేయుదురు. తక్కినవారు వారియొద్ద నేర్వవచ్చును. కాగితము లేనిచోట తాటాకు చాలును. రెండుపైన ఒకటిక్రింద, మూడుపైన రెండుక్రింద యని మార్చుచు పోయిన, రంగుల తీరులు వందలకొలది వచ్చును. లెక్క తప్పినచో తీరు తానే తప్పు చూపును. ఉపాధ్యాయుడు బెత్తము చూప నక్కఱలేదు.

కాగితము మడచుటనుగూర్చి మన రాజధానియైయుండిన మద్రాసుతో ఒక సంబంధము గలదు. టి. సుందరరావను గణితవేత్త, కిండర్‌గార్టెనులోని కాగితపుమడతలను చూచి ప్రేరేపితుడై, అవే మడతలతో క్షేత్రగణితమును ఎంతదూరము సాధింపవచ్చునో చూపు గ్రంథమును ఆంగ్లమున వ్రాసి 1893లో మద్రాసులో ప్రకటించెను. అది 1901లో అమెరికాలోని షికాగోలో మరల అచ్చయ్యెను. వృత్తలేఖిని లేకుండ, ఒక్క చతురశ్రపు కాగితముతో సమబాహు త్రిభుజమును, పంచభుజిని అందు మడచి చూపినాడు. పై తరగతుల విద్యార్థులు ఈ సంగతిని గమనింతురుగాక. వారు పడవలని నవ్వు మడతలలో ఇంత యున్నది. ఏ దీర్ఘచతురశ్రపు కాగితమునైనను ఒక మూలను ఎదుటియంచునకు తెచ్చి మడచి, మిగిలిన పట్టీని కత్తిరించిన చతురశ్రము వచ్చును. విప్పిన వచ్చు మడతగీత ఆ చతురశ్రపు కర్ణము. అయిదేండ్ల బిడ్డకు ఆ మాట చెప్పనక్కఱలేదు. పదియేండ్ల తరువాత చెప్పినప్పుడు వాని వ్రేళ్లకు ఆ గీత ముందే తెలిసియుండును.

ఇంకొకటి మాకు మిక్కిలి యిష్టమైనది. ఫ్రోబెల్ పిల్లలు నానిన బఠాణీలలో సన్ననిపుల్లలు గ్రుచ్చి బల్లలు, ఇండ్లు, నక్షత్రములు చేయుచుండిరి. మనకు శనగలు, కొబ్బరి యీనెలు ఉన్నవి. శనగలను రాత్రి నానవేసి, ఉదయము గుడ్డపై తడియాఱబెట్టి, రెండంగుళముల యీనెముక్కల కొనలను చెక్కి గ్రుచ్చవలెను. శనగ ఎండినకొలది బిగిసి, పుల్లను గట్టిగా పట్టుకొనును. మఱునాటికి ఆ యిల్లు కదపినను విడిపోదు. ఘనమునకు పుల్లలు పండ్రెండు, శనగలు ఎనిమిది. ఆరు పుల్లలు, నాలుగు శనగలతో ఎన్ని ముఖములు గల రూపము వచ్చునో పిల్లలే కనుగొనవలెను. శనగలలో సగము నోటిలోనికి పోవును. కొంచెము హెచ్చుగా నానవేయుట మంచిది.

విల్హెల్మీనా 1839లో మరణించెను. ఆ దుఃఖమున ఫ్రోబెల్ మఱింత పనిలో మునిగెను. తన సంస్థకు తగిన పేరు చాలకాలము దొరకలేదు. ఒకనాడు మిత్రులతో కైల్‌హౌనుండి బ్లాంకెన్‌బుర్గునకు కొండదారిని నడచిపోవుచు, క్రింద లోయ తోటవలె కనబడగా, కిండర్‌గార్టెన్ అను పేరు ఆయనకు తట్టినదని ఆ మిత్రులలో ఒకరు తరువాత వ్రాసినారు. పిల్లల తోట యని దాని యర్థము. 1840 జూన్ 28వ తేదీని, అచ్చువిద్యను కనిపెట్టిన గుటెన్‌బర్గ్ నాలుగువందల యేండ్ల యుత్సవము జరుగుచున్న దినమున, ఆ పేరుతో సంస్థను స్థాపించెను. ధనము చాలక 1844లో బ్లాంకెన్‌బుర్గు బడి మూతపడెను. ఆ యేడే తల్లులు పిల్లలతో ఆడుకొనుటకు పాటలు, చిత్రములు గల గ్రంథమును అచ్చువేయించి, దానిని సంచిలో బెట్టుకొని ఊరూర తిరిగెను. 1848లో రుడోల్‌ష్టాట్‌లో ఉపాధ్యాయుల సభ కూడగా, ముసలివాడు పిల్లలతో ఎగురుచు గంతులు వేయుట చూచి కొందఱు నవ్విరి. చిన్నపిల్లలకు ఉపాధ్యాయినులుగా యువతులను తయారుచేయవలెననుట మఱికొందఱకు వింతగా తోచినది.

1849లో లీబెన్‌ష్టైన్ అను స్నానక్షేత్రమునకు మారెను. అక్కడికి వచ్చిన మారెన్‌హోల్ట్‌జ్ ప్రభ్వి, ఊరిలో ఒక పిచ్చిముసలివాడు పల్లెపిల్లలతో ఆడుచు పాడుచు తిరుగుచున్నాడని విని, చూడబోయెను. చెప్పులు లేని పిల్లలనడుమ తల నెరసిన ఆయనను చూచి ఆమె కన్నులు చెమర్చినవి. ఆనాటినుండి ఆమె ఆయన పనికి ప్రచారకురాలయ్యెను. ఆమె సిఫారసువలన మైనింగెన్ ప్రభువు మేరియెంటాల్ అను భవనమును ఆయన శిక్షణశాల కొఱకు ఇచ్చెను. 1850 ఆగస్టులో ఆల్టెన్‌ష్టైన్ కోట మైదానమున సుమారు మూడువందల పిల్లలతో గొప్ప క్రీడోత్సవము జరిగెను. 1851 వేసవిలో, తనయొద్దనే శిక్షణ పొంది చాలకాలము తోడ్పడిన లూయీసా లెవీన్‌ను వివాహమాడెను.

ఆ సుఖము రెండు నెలలే నిలిచినది. 1851 ఆగస్టు 7వ తేదీని ప్రష్యా రాజ్యపు విద్యామంత్రి రౌమర్, ఆ రాజ్యమున కిండర్‌గార్టెనులు నడుపరాదని ఆజ్ఞ చేసెను. అవి పిల్లలకు నాస్తికతను, సమష్టివాదమును నేర్పుచున్నవని నేరము. ఆధారముగా చూపినది ఫ్రోబెల్ గ్రంథము గాదు. ఆయన యన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్ హాంబుర్గులో వ్రాసిన యొక చిన్నపుస్తకము. ఇంటిపేరు ఒకటే యగుటచే అధికారులు ఇద్దఱిని కలిపిరి. ఫ్రోబెల్ తాను వేఱని, తన పుస్తకములను చదివి చూడుడని ఋజువులతో వ్రాసెను. రాజునకు గూడ విన్నవించుకొనెను. ఫలము లేకపోయెను. కాపరి యింట పుట్టి, పూలలో చెట్లలో దేవుని హస్తమును చూడుడని పిల్లలకు డెబ్బదియేండ్ల వయస్సువరకు నేర్పినవానిని నాస్తికుడనిరి. ఆ యపనింద ఆయనను లోలోపల క్రుంగదీసినది. అయినను శిక్షణశాలను మూయలేదు. మేరియెంటాల్ ప్రష్యా యేలుబడిలోనిది కాదు గనుక అక్కడ పాఠములు సాగుచునే యుండెను.

1852 ఏప్రిల్ 21వ తేదీని పిల్లలు పూదండలతో ఆయన డెబ్బదవ జన్మదినమును జరిపిరి. కొద్ది వారములకు గోథా పట్టణమున ఉపాధ్యాయుల మహాసభకు ఆయన పోగా, ఒకరు ఉపన్యసించుచుండిన సమయమున ఆయన ప్రవేశించుట చూచి సభయంతయు లేచి నిలువబడినది. నాలుగేండ్లకు పూర్వము నవ్వినవారిలో కొందఱైనను ఆ సభలో ఉండియుందురు. జూన్ 21వ తేదీని ఆయన మేరియెంటాల్‌లో మరణించెను. ష్వైనా గ్రామపు శ్మశానమున ఆయన సమాధిపై మిత్రులు ఘనము, దానిపై స్తంభము, దానిపై గోళము నిలిపిరి. రెండవ కానుక అదియే.

ఫ్రోబెల్ మతమంతటిని మేము ఒప్పుకొనము. బంతి సృష్టియంతటి యేకత్వమునకు గురుతని, దానిని పట్టుకొన్న శిశువునకు అది తెలియకయే తెలియునని ఆయన వ్రాసినదానిని ఒక్క శిశువైనను మాకు ఋజువు చేయలేదు. ఆయన శిష్యులలో కొందఱు ఈ యాటలను కవాతుగా మార్చిరి. నలువదిమంది పిల్లలు గంట కొట్టగా ఒకే మడత మడచి, గంట కొట్టగా చేతులు కట్టుకొనవలెను. దగ్గఱదగ్గఱగా పొడిచిన సన్నరంధ్రములలో సన్నదారముతో కుట్టించుటచే కన్నులకు శ్రమ కలుగుచున్నదని ఇరువదవ శతాబ్ది యారంభమున అమెరికాలో అనేకులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనది. అందుచేతనే పైన అర అంగుళమని వ్రాసితిమి. అయిదేండ్ల లోపు పిల్లలకు అంగుళమైన ఇంకను మేలు. ఒక పూట పావుగంటకంటె ఎక్కువ కుట్టింపరాదు.

ప్రష్యా నిషేధము 1860లో తొలగింపబడెను. అప్పటికే ఆయన శిష్యురాండ్రు సముద్రములు దాటియుండిరి. మార్గరేటా షూర్ట్‌జ్ 1856లో అమెరికాలోని వాటర్‌టౌన్ గ్రామమున తన యింటనే జర్మను భాషలో మొదటి కిండర్‌గార్టెనును పెట్టెను. 1860లో బోస్టను నగరమున ఎలిజబెత్ పీబాడీ ఆంగ్లభాషలో పెట్టెను. 1876లో జపాను రాజధానియైన టోకియోలో ఒకటి వెలసెను. అదే యేడు ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఫ్రోబెల్ కానుకలను చూచిన ఒక తల్లి వానిని కొని, తన తొమ్మిదేండ్ల కుమారున కిచ్చెను. ఆ బాలుడు ఫ్రాంక్ లాయిడ్ రైట్; పెద్దవాడై గృహనిర్మాణమున లోకప్రసిద్ధుడై, ఆ కొయ్యదిమ్మెల స్పర్శ తన వ్రేళ్లను విడువలేదని చెప్పుకొనెను. ఇండ్లు కట్టుట మాని బడిపంతులైన ఫ్రోబెల్ ఇట్లు మఱియొకరిచేత ఇండ్లు కట్టించెను.

భర్త పోయిన తరువాత లూయీసా హాంబుర్గు నగరమునకు పోయి, యువతులకు ఈ పనులనే నేర్పుచు, 1900వ సంవత్సరము వరకు జీవించెను. నిషేధము తొలగిననాటికి ఆమెకు నలువదియయిదేండ్లు.